మీకు తెలుసా? సెల్ సిగ్నల్ ఒంటికి తెలుస్తుందా?

ఫోన్ దగ్గరుంటే తలనొప్పి, వైఫై ఉన్న గదిలో నిద్ర పట్టదు, టవర్ పక్కకు వెళ్తే ఒళ్లు మంట... ఇలా బాధపడేవారు చాలా దేశాల్లో ఉన్నారు. ఆ బాధకు విద్యుదయస్కాంత క్షేత్రాలే కారణమా? శాస్త్రవేత్తలు మనుషుల మీదే పరీక్షలు చేసి చూశారు.

● ఈ లక్షణాలు నిజమైనవేనని, కొందరిని ఏ పనీ చేసుకోలేని స్థితికి తెస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో ప్రకటించింది. అయితే వాటిని విద్యుదయస్కాంత క్షేత్రాలతో ముడిపెట్టే శాస్త్రీయ ఆధారం లేదనీ, ఈ సమస్యను నిర్ధారించే స్పష్టమైన ప్రమాణాలు లేవనీ చెప్పింది.

● అంతకు మూడేళ్ల ముందు, 2002లో, అదే సంస్థకు అధిపతిగా ఉన్న గ్రో హార్లెమ్ బ్రంట్‌లాండ్ మొబైల్ దగ్గరుంటే తనకు తలనొప్పి వస్తుందని నార్వే పత్రికకు చెప్పారు. నార్వే ప్రధానిగా పనిచేసిన వైద్యురాలు ఆమె.

● ఇలాంటి మాటను తేల్చాలంటే డబుల్ బ్లైండ్ పరీక్ష కావాలి. సిగ్నల్ నిజంగా వస్తోందా, ఉత్తుత్తిదా అన్నది కూర్చున్న మనిషికే కాదు, పక్కనుండి వివరాలు రాసుకునేవారికీ తెలియకూడదు. తెలిస్తే వారి ముఖకవళికలే గుట్టు విప్పేస్తాయి. పరికరం వేడెక్కినా, సన్నగా మోగినా ఆ పరీక్ష చెల్లదు.

● ఒక్కసారి సరిగ్గా చెబితే చాలదు. బొమ్మా బొరుసా అన్నట్టు ఊహించినా, వరసగా ఆరుసార్లు సరిగ్గా చెప్పేవారు సగటున 64 మందిలో ఒకరు ఉంటారు. అందుకే ఎక్కువమందితో, పదేపదే పరీక్షిస్తారు.

● లండన్ కింగ్స్ కాలేజీ పరిశోధకుల ప్రయోగం 2006లో వెలువడింది. ఫోన్ వల్ల తలనొప్పి వస్తుందనే 60 మందినీ, అలాంటి ఇబ్బంది లేని మరో 60 మందినీ పరీక్షించారు. నిజమైన సిగ్నల్ ఇచ్చినప్పుడు మొదటి బృందంలో 60 శాతం మంది ‘సిగ్నల్ ఉంది’ అన్నారు. ఉత్తుత్తి సిగ్నల్ అప్పుడు అలా అన్నవారు 63 శాతం!

● ఇంగ్లండ్‌లోనే ఎసెక్స్ విశ్వవిద్యాలయం 2007లో టవర్ సిగ్నళ్లపై ఫలితాలు ప్రచురించింది. సిగ్నల్ ఇస్తున్నామని ముందే చెప్పినప్పుడు బాధితులకు ఇబ్బంది పెరిగింది. చెప్పకుండా ఇచ్చినప్పుడు, నిజమైన సిగ్నల్‌కూ ఉత్తుత్తి సిగ్నల్‌కూ మధ్య తేడా కనబడలేదు.

● ప్రయోగశాల అంటేనే కంగారు కదా అనే అభ్యంతరం ఉంది. నెదర్లాండ్స్ పరిశోధకులు పరికరాన్నే ఇళ్లకు తీసుకెళ్లారు. ఏ రకం సిగ్నల్ తమకు పడదో బాధితులే ఎంచుకున్నారు. 2017లో వెలువడిన ఆ ఫలితాల్లో 42 మందిలో ఒక్కరూ ఊహను మించి సరిగ్గా చెప్పలేకపోయారు.

● 2010 నాటికి ఇలాంటి 46 డబుల్ బ్లైండ్ ప్రయోగాలను, 1,175 మందిపై వచ్చిన ఫలితాలను ఒకచోట చేర్చి చూశారు. సిగ్నల్ వల్లే లక్షణాలు వస్తాయనే గట్టి ఆధారం దొరకలేదు. ఉత్తుత్తి సిగ్నల్‌కు కూడా లక్షణాలు కనబడటం మాత్రం పదేపదే బయటపడింది.

● హాని జరుగుతుందన్న భయమే ఒంట్లో బాధ పుట్టించడాన్ని నోసీబో అంటారు. 2013లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో 147 మందిలో కొందరికి వైఫై ప్రమాదాల గురించిన టీవీ కార్యక్రమం, మిగతావారికి వేరే కార్యక్రమం చూపించి, అందరికీ 15 నిమిషాల ఉత్తుత్తి వైఫై ఇచ్చారు. సగం మందికి పైగా తమకు లక్షణాలు వచ్చాయన్నారు. అసలే ఆందోళన ఎక్కువగా ఉన్నవారిపై వైఫై కార్యక్రమం మరింత ప్రభావం చూపింది.

● అలాగని మన ఒంటికి ఈ తరంగాలు ఎప్పుడూ తెలియవని కాదు. రాడార్ లాంటి బలమైన మైక్రోవేవ్ పల్స్‌లు తలపై పడితే టిక్ టిక్ మనే శబ్దం వినిపిస్తుందని అమెరికా శాస్త్రవేత్త అలన్ ఫ్రే 1960ల మొదట్లోనే చూపారు. తలలోని కణజాలం క్షణకాలం రవ్వంత వేడెక్కి వ్యాకోచించడంతో పుట్టే ఒత్తిడి తరంగం లోపలి చెవికి చేరుతుంది.

● ఈ పరీక్షలు జవాబివ్వని ప్రశ్నలూ ఉన్నాయి. కొన్ని నిమిషాలో, గంటలో ఇచ్చిన సిగ్నల్‌తో ఏళ్ల తరబడి వాడకం ప్రభావాన్ని తేల్చలేం. దానికి వేరే అధ్యయనాలు కావాలి.

● 2012 సెప్టెంబరు 1 నుంచి మన దేశంలో టవర్ల రేడియేషన్ పరిమితి అంతర్జాతీయ ప్రమాణంలో పదో వంతే. టవర్ పరిమితిలో ఉందో లేదో పరికరంతో కొలవవచ్చు. ఒక మనిషి బాధకు ఆ టవరే కారణమా అన్నది ఆ కొలత చెప్పదు.

● ‘సిగ్నల్ వల్ల కాదు’ అంటే ‘బాధ అబద్ధం’ అని అర్థం కాదు. ముందు వైద్య పరీక్షతో వేరే జబ్బులేమైనా ఉన్నాయేమో చూడాలని, మానసిక ఒత్తిడిని, ఇంట్లో, ఆఫీసులో గాలి, వెలుతురు, శబ్దాలను పరిశీలించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. మీ ఇంట్లో ఎవరైనా ఇలా బాధపడుతుంటే కొట్టిపారేయకండి, డాక్టరు దగ్గరికి వెంటబెట్టుకుని వెళ్లండి. టవర్‌ను తిట్టుకుంటూ కూర్చుంటే అసలు జబ్బుకు వైద్యం ఆలస్యమవుతుంది.