చెఱువులు, దుర్గములు: ఒకనాటి కారుప్రయాణము

దుర్గమును చూడబోవువారు మొదట గోడలను చూతురు. చూడవలసినది నీరు. ఎంతటి కోటయైనను దప్పికకు లొంగక తప్పదు. ఇందులకు నిదర్శనము, 2022లో అనంతపురము జిల్లానుండి విడివడిన శ్రీ సత్యసాయి జిల్లాలో కలదు.

చెన్నేకొత్తపల్లి హైదరాబాదు–బెంగుళూరు రాజమార్గముపై నున్నది. అచటినుండి అద్దెకారులో బయలుదేరుట సుకరము. పసుపుపలకపై నల్లని యక్షరము లున్నచో అది డ్రైవరుతో వచ్చు టాక్సీ. నల్లపలకపై పసుపు యక్షరము లున్నచో మనమే నడుపుకొను బండి.

ముందుగా దక్షిణమునకు పోయి పెనుకొండ నెక్కవలెను. 1565లో రాక్షసి తంగడి యుద్ధము ముగిసిన పిదప తిరుమలరాయలు రాజధానిని ఇచటికే మార్చెను. కాని ఆ భాగ్యమునకు పునాది అంతకు పూర్వమే పడినది. 1388లో ఇచటి పాలకుడైన రాకుమారుడు బుక్కరాయలు పెన్నానీటిని పెనుకొండకు తెమ్మని యానతీయగా, జలసూత్ర మెఱిగిన సింగయభట్టు కాలువ త్రవ్వించి, సిరువేర చెఱువు మీదుగా తెచ్చెను. గౌరీబిదనూరు ప్రాంతపు శాసన మీ సంగతిని తెలుపుచున్నది.

ఇంకను దక్షిణమున, చిలమత్తూరు మండలములోని వీరాపురమున చింతచెట్లపై ఏటేట కొంగలు గూళ్లు కట్టును. జనులు వానిని సైబీరియా కొంగలందురు. నిజమునకవి మన దేశపు రంగుకొంగలే. చెఱువులలో చేపలుండిననే వాని పిల్లలు బ్రతుకును. ఊరివారు వానిని ప్రేమతో కాచుచున్నారు. కావున గూళ్ల చేరువ హారను మ్రోగింపరాదు.

సాయంకాలమునకు మరలి ధర్మవరము చెఱువుకట్ట చేరవచ్చును. క్రియాశక్తి ఒడెయరు తన తల్లి ధర్మాంబ పేర ఆ యూరు నిలిపెనని ప్రతీతి. కట్టపై కొంతసేపు నిలువుడు. కోటగోడలు కూలినను ఊళ్లు నిలిచినవి. చెఱువులు పూడినచో నిలువవు.