కిలో బెల్లం చుక్కల్లోకి పంపాలంటే ఎంత కరెంటు?

మొన్న టీ బడ్డీ దగ్గర ఓ కుర్రాడు ఫోన్లో వీడియో చూపించి, "అన్నా, వెలుగంత జోరుగా ఎల్తే వయసు అవ్వదంట. మన రైవత మహారాజు అలగే ఎల్లొచ్చీసినాడంట. ఐన్‌స్టీన్ మన పురాణాల్లోంచే ఎత్తీసినాడంట. నిజమేనా?" అన్నాడు. సగం నిజం, సగం కాదన్నాను. ఏ సగం ఏదో చెప్పకపోతే తప్పు నాదవుతాది. అందుకే రాస్తన్నాను.

ముందు నిజమైన సగం. వెలుగు వేగం సెకనుకి సుమారు 3 లక్షల కిలోమీటర్లు. నువ్వు నిలబడి కొలిసినా, పరిగెడతా కొలిసినా అంతే వస్తాది. 1905లో ఐన్‌స్టీన్ ఈ మాటని గట్టిగా పట్టుకున్నాడు.

అనకాపల్లి స్టేషన్లో ఆగకుండా పోయే రైలుని తలుచుకోండి. పెట్టెలో కింద ఓ అద్దం, పైన ఓ అద్దం. మధ్యలో వెలుగు కిందికీ పైకీ తిరుగుతంది. ఒకసారి పైకెల్లి కిందికొస్తే ఒక టిక్కు. అదే మన గడియారం. రైల్లో ఉన్నోడికి వెలుగు నిట్టనిలువుగా తిరుగుతంది. ప్లాట్‌ఫారం మీదున్న మనకి? వెలుగు పైకెల్లేలోపు రైలు ముందుకి జరిగిపోయింది. కాబట్టి అది ఏటవాలుగా, ఎక్కువ దూరం నడిసింది. దూరం పెరిగింది, వెలుగు వేగం పెరగలేదు. ఇంకేటవుతాది? టిక్కుకి ఎక్కువ టైము పడతాది. అంటే మన లెక్కలో రైల్లో గడియారం నెమ్మది. ఆ గడియారమే కాదు, రైల్లోనోడి గుండె, గెడ్డం, వయసు కూడా అంతే. ఆడికి మాత్రం ఏ తేడా తెలదు. ఆడి నిమిషం ఆడికి నిమిషమే. మామూలు రైలు జోరుకి ఈ తేడా చేతి గడియారానికి అందనంత చిన్నది.

ఇది ఉట్టి ఊహ కాదు, కొలిసినారు. ఆకాశంలో సుమారు 15 కిలోమీటర్ల ఎత్తున మ్యూయాన్లనే అణువు కంటే చిన్న రేణువులు పుడతాయి. వాటి సగటు ఆయుష్షు సెకనులో పది లక్షల వంతులు చేస్తే 2.2 వంతులు. అంతలో వెలుగైనా 660 మీటర్లే పోగలదు. లెక్క ప్రకారం అవి దాదాపు అన్నీ దారిలోనే చావాలి. కానీ నేల దాకా దిగుతున్నాయి. ఇది చదువుతుంటే నీ అరచేతిలోంచి సెకనుకి ఒకటి చొప్పున దూసుకుపోతున్నాయి. వాటి జోరు వల్ల, మన లెక్కలో వాటి టైము సాగింది. 1941లో అమెరికాలో రోసీ, హాల్ అనే ఇద్దరు వీటిని కొండ మీదా, కిందా లెక్కపెట్టి ఈ సంగతి తేల్చినారు.

మరి మనం ఎల్లగలమా? సూర్యుడి తరవాత మనకి దగ్గర చుక్క ప్రాక్సిమా సెంటారీ. వెలుగుకే 4.24 ఏళ్ల దారి. వెలుగు వేగంలో 99 శాతంతో పోయొస్తే, భూమ్మీద 8 ఏళ్ల 7 నెలలు గడుస్తాయి. ఎల్లినోడికి ఏడాది రెండున్నర నెలలే. తమ్ముడు ఎల్లొచ్చేసరికి కవల అన్నకి ఏడేళ్లు ఎక్కువ వయసొచ్చీస్తాది.

వీడియో ఇక్కడితో ఆగిపోద్ది. మనం ఆగకూడదు. "ఎంత ఖర్చు?" అనడగాలి. మనిషీ వద్దు, రాకెట్టూ వద్దు. మన అనకాపల్లి బెల్లం ఒక కిలో ఆ వేగానికి తేవాలనుకుందాం. పరవాడలో సింహాద్రి కరెంటు ప్లాంటు సామర్థ్యం 2000 మెగావాట్లు. అది ఒక్క నిమిషం ఆగకుండా, ఒక్క యూనిట్టు వృథా కాకుండా, ఎనిమిదిన్నర ఏళ్లు పైగా తిరిగితే ఆ కిలో బెల్లానికి సరిపోతాది. తిరిగి ఆపడానికి లెక్క వేరే! ఇప్పటిదాకా మనిషి పంపినవాటిలో అన్నిటికన్నా జోరైంది పార్కర్ సోలార్ ప్రోబ్. 2024 డిసెంబరు 24న సూర్యుడి దగ్గర గంటకి 6.9 లక్షల కిలోమీటర్లు అందుకుంది. అదీ వెలుగు వేగంలో వెయ్యో వంతు లేదు.

ఇప్పుడు రైవతుడి సంగతి. కూతురు రేవతికి ఎవరు తగిన వరుడో అడగడానికి బ్రహ్మ దగ్గరకెల్లి, అక్కడ పాట అయ్యేదాకా ఆగినాడు. అంతలో భూమ్మీద 27 మహాయుగాలు గడిచిపోయినాయి. నాకు చాలా ఇష్టమైన కథ. కానీ చూడండి, ఆయన టైము పోయింది కూర్చున్నప్పుడు, పరిగెట్టినప్పుడు కాదు. ఎంత జోరుకి ఎంత తేడా అనే లెక్క అందులో లేదు. కథ పని అది కాదు కూడా. కథని కథగా గౌరవించండి, దానికి సైన్సు గోచీ కట్టి పరువు తీయకండి.

ఆ లెక్క ఫోన్లో క్యాలిక్యులేటరుతో మీరే చేయొచ్చు. 0.99ని 0.99తో గుణించి, ఒకటిలోంచి తీసీసి, వర్గమూలం కట్టండి. 0.141 వస్తాది, అంటే ఏడో వంతు. టెన్త్ క్లాసులో చదివిన పైథాగరస్సే ఇది. టీ చల్లారేలోపు ఆ కుర్రాడు చేసీసినాడు.

ఏ వీడియో వచ్చినా, ఊళ్లో మీటింగుకి ఏ పెద్దమనిషొచ్చి ఏ మాటిచ్చినా ఇవే అడగండి. ఎంత? ఎవరు కొలిసినారు? మేం కొలిస్తే అదే వస్తాదా? జవాబు చెప్పలేనోడు కోప్పడతాడు. కోప్పడనీండి.