ఉద్యోగపు ఒత్తిడి – ఆపుకొనకూడని వేగాలు

అనంతపురంలో వైద్యవృత్తిలో ఉన్న నాకు ఒక విషయం చాలాకాలంగా అనుభవంలో ఉన్నది. వానలు మొగం చాటేసిన ఏడాది రైతులే కాదు, గుమాస్తాలు, బ్యాంకు ఉద్యోగులు కూడా నా వద్దకు ఎక్కువగా వస్తారు. ఏటా సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షమే కురిసే ఈ మెట్టప్రాంతంలో వేరుశనగ ఎండేకొద్దీ కార్యాలయాలలో పని పెరుగుతుంది. పంటనష్టం లెక్కలు, అప్పుల గడువు పొడిగింపులు, సహాయం కోరే దరఖాస్తులు ఒక్కసారిగా వచ్చి పడతాయి. పైగా బల్లకు ఆవల నిలుచున్నవాడు పంట పోగొట్టుకున్నవాడు. అతనికి "ఇప్పుడు కాదు" అని రోజంతా చెప్పవలసిన ఉద్యోగి కడుపులో మంట పుట్టడంలో ఆశ్చర్యం లేదు.

ఒక కరవు సంవత్సరం ఒక బ్యాంకు ఉద్యోగిని మూత్రంలో మంట, తలనొప్పి, నిద్రలేమితో వచ్చారు. మొదటిసారి నేను నిద్రకు మాత్రమే మందిచ్చి పంపాను. అది నా పొరపాటు. రెండవసారి దినచర్య అడిగాను. ఉదయం పది గంటల నుండి సాయంత్రం వరకు ఆమె నీళ్లు తాగరట. "తాగితే మధ్యలో లేవాలి. అంతమంది వరుసలో నిలబడి ఉంటే ఎట్లా లేచేది డాక్టరుగారూ?" అన్నారు. అన్నం డబ్బా తెరిచేది నాలుగు గంటలకు. ఒకనాడు తండ్రి వయసున్న రైతు తన ఎదుట కన్నీరు పెట్టుకుంటే, తన దుఃఖం దిగమింగి, తల వంచుకొని రసీదు వ్రాశారట.

చరకసంహిత సూత్రస్థానం ఏడవ అధ్యాయంలో బలవంతంగా ఆపుకొనకూడని వేగాలు, అనగా శరీరం తనంతట తాను పుట్టించే ప్రేరణలు, 13 అని చెప్పబడింది. మూత్రం, ఆకలి, దప్పిక, కన్నీరు, నిద్ర వానిలోనివే. మూత్రాన్ని ఆపితే మూత్రాశయంలో నొప్పి, తలనొప్పి. కన్నీటిని ఆపితే అరుచి, తల తిరుగుడు కలుగుతాయని కూడా అక్కడే ఉన్నది. అదే అధ్యాయంలో ఆపుకొనవలసినవీ ఉన్నవి: క్రోధం, లోభం, ఈర్ష్య, పరుషవాక్యం, చాడీలు, సమయం కాని సమయంలో మాట్లాడడం. మన కార్యాలయాలలో ఈ రెండు పట్టికలూ తారుమారైనవి. పై అధికారి కోపాన్ని ఆపుకొనడు, క్రింది ఉద్యోగి దాహాన్ని ఆపుకొంటాడు!

దీనిని ఉద్యోగి మనోబలం లోపమని సరిపెట్టుకోవడం తగదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఉద్యోగపు తీవ్ర అలసటను వ్యాధిగా గాక, పనిచేసే చోట అదుపు తప్పిన దీర్ఘకాలపు ఒత్తిడి నుండి పుట్టే స్థితిగా పేర్కొన్నది. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి, 35–40 గంటలు పనిచేసేవారికంటె పక్షవాతం ముప్పు సుమారు 35 శాతం ఎక్కువని 2021లో ఆ సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి వెల్లడించినవి.

ఆమెకు ముందుగా మూత్రపరీక్ష చేయించాను. సూక్ష్మజీవుల దోషం ఉన్నదని తేలగా ఆధునిక చికిత్సకు పంపాను. అటువంటప్పుడు చిట్కాలతో కాలయాపన చేయరాదు. ఛాతీలో బరువు, ఆయాసం, చెమటలు ఉన్నా అంతే, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. తరువాత ఇంట్లో చేసుకొనదగినవి చెప్పాను. ఒక చెంచా ధనియాలు, అర చెంచా జీలకర్ర నలగగొట్టి గ్లాసెడు నీటిలో రాత్రి నానవేసి, ఉదయం వడగట్టి తాగాలి. మధ్యాహ్నం అన్నంతోపాటు కరివేపాకు, చిటికెడు శొంఠిపొడి కలిపిన పలుచని మజ్జిగ తీసుకోవాలి. పడుకొనే ముందు అరికాళ్లకు గోరువెచ్చని నువ్వులనూనె పది నిమిషాలు మర్దన చేయించుకోవాలి. అశ్వగంధ చూర్ణం గురించి చాలామంది అడుగుతారు; గర్భిణులు, థైరాయిడ్, కాలేయ వ్యాధులున్నవారు వైద్యుని అడగకుండా దాని జోలికి పోరాదు.

ఇవన్నీ ఇంట్లో జరిగేవి. జబ్బు పుట్టింది ఆఫీసులో. అందుచేత మేనేజరుగారికి ఒక చీటీ వ్రాసి ఆమె చేతికిచ్చాను. ఒంటిగంటకు భోజనం, రెండు గంటలకొకసారి ఐదు నిమిషాల విరామం, ఆ సమయంలో కౌంటరులో మరొకరు. ఇంతే కోరాను. ఆయన సహృదయులు, ఆమెకే గాక అందరికీ ఆ ఏర్పాటు చేశారు. ఖర్చేమీ కాలేదు. విరామవేళలు వ్రాసి గోడకు అంటించాక వరుసలో కేకలు కూడా తగ్గినవట.

నెల తిరిగేసరికి మంట, తలనొప్పి పోయినవి. నిద్ర మాత్రం వాన పడిన తరువాతనే కుదుటపడింది.