బ్లాక్ టైమ్

విమానాల ఆలస్యాలపై వచ్చే వార్తల్లో తరచూ వినిపించే మాట ‘బ్లాక్ టైమ్’. బయల్దేరే చోట విమానం గేటు వదిలి కదిలిన క్షణం నుంచి, చేరిన చోట గేటు దగ్గర ఆగేదాకా పట్టే సమయమే ఇది. టికెట్‌పై కనిపించేది ఈ లెక్కే.

ఉదాహరణకు, ప్రపంచంలో అత్యంత రద్దీగా ఉండే అంతర్జాతీయ విమాన మార్గాల జాబితాల్లో సింగపూర్–కౌలాలంపూర్ పేరు పైవరుసలోనే కనిపిస్తుంటుంది. ఈ రెండు నగరాల విమానాశ్రయాల మధ్య నేరుగా చూస్తే దూరం సుమారు 300 కిలోమీటర్లు. గాల్లో ఉండేది ముప్పావు గంట అటూ ఇటూ. టికెట్ మీద మాత్రం గంట దాటుతుంది. సింగపూర్‌ చాంగీ విమానాశ్రయంలో రన్‌వే దాకా విమానం నేల మీద సాగే దూరం, ముందున్న విమానాల వరుస, దిగాక గేటు ఖాళీ అయ్యేదాకా నిరీక్షణ... అన్నీ అందులో కలుస్తాయి. దూరం తక్కువైనకొద్దీ నేల మీది సమయం వాటా పెరుగుతుంది.

విమానయాన సంస్థలు కొన్ని నిమిషాలు అదనంగానూ కలుపుతాయి. షెడ్యూలు దాటి 15 నిమిషాల్లోపు చేరితే సాధారణంగా ‘సకాలం’ కిందే లెక్క. అందుకే ఆలస్యంగా కదిలిన విమానం కూడా ఒక్కోసారి వేళకే చేరుతుంది.

హైదరాబాద్ నుంచి సింగపూర్ మీదుగా ఆస్ట్రేలియా వెళ్లేవారు రెండో విమానానికి ఎంత వ్యవధి ఉందో చూసుకోవాల్సింది ఈ లెక్కతోనే. అయితే టికెట్‌పై ఉండేవి స్థానిక వేళలు. బ్యాంకాక్‌లో 10 గంటలకు కదిలి సింగపూర్‌కు 1.25కు చేరే విమానం బ్లాక్ టైమ్ 2 గంటల 25 నిమిషాలే. మిగిలిన గంట గడియారాల తేడా.