మీకు తెలుసా? పులసది ఏటి ఈత

గోదావరికి ఎర్రనీరు రాగానే పులస చేప బంగాళాఖాతం నుంచి నదిలోకి ఎదురీదుతుంది. ఒంటినిండా వెండి పొలుసులు, లోపలంతా సన్నని ముళ్లు, కడుపులో గుడ్లు. వాటిని పెట్టేది మంచినీటిలోనే. పిల్లలు కాస్త ఎదిగాక సముద్రం బాట పడతాయి.

ఈ దారికి ధవళేశ్వరం బ్యారేజీ అడ్డు. గంగలోనూ అంతే: 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చాక, ఒకప్పుడు అలహాబాదు దాకా వెళ్లిన ఈ చేప ఎగువన దాదాపు కనుమరుగైంది.

బంగ్లాదేశ్ ఏటా అక్టోబరు ప్రాంతంలో, గుడ్లు పెట్టే వేళ, 22 రోజులు దీని వేటను నిషేధిస్తోంది. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవలతో సముద్రంలో వేట బంద్. కానీ పులస ఏరెక్కేది ఆ తర్వాతే!

కాబట్టి ఈ చేప నిలవాలంటే, అరచెయ్యంత పులస పిల్లలు బజారులో కనిపిస్తే కొనకండి.