మిరపపొడిలో దొంగ యెఱుపు

మిరపకాయకు ఘాటుతోపాటు రంగును వెల తెచ్చును. కావుననే తాలుకాయల పొడిని మేలురకముగా కనఁబఱచుటకు కొందఱు దురాశాపరులు దానిలో సూడాన్ అను కృత్రిమపు రంగును కలుపుదురు. ఇది మైనమునకును, నూనెలకును, జోళ్ల పాలిషునకును ఉద్దేశించిన రంగు, తినుటకు గాదు. ఎలుకలకు మేపి చూడగా కాలేయమున గడ్డలు పుట్టినవి. ఆహారమున దీని వాడుక నిషిద్ధము.

2003 సంవత్సరమున మన దేశమునుండి పోయిన మిరప సరకులో సూడాన్-1 ఉన్నట్లు ఫ్రాన్సు దేశమువారు కనుగొనిరి. వెంటనే ఐరోపా సమాఖ్యవారు పరీక్షాపత్రము లేని మిరపను రానీయమని శాసించిరి. 2005 ఫిబ్రవరిలో ఇంగ్లండున, అట్టి పొడి చేరిన ఒక సాసు మూలమున 400కు పైగా ఆహారపదార్థములను అంగళ్లనుండి తీసివేయవలసి వచ్చెను. రంగు కలిపినవాఁ డెవఁడో. అపకీర్తి మాత్రము పండించినవానికిని తగిలెను.

“నీటిలో వేసి చూచిన తెలియదా?” యని మీ రడుగవచ్చును. నీట కరగు రంగులైనచో చాఱలుగా దిగును. సూడాన్ నీట కరగదు, నూనెలోనే కరగును. మిరప సహజపు టెఱుపును నూనెలోనే కరగును. కావున వంటింటి పరీక్షలు ఈ రెంటిని వేఱుచేయజాలవు.

ప్రయోగశాలలో పొడిని తూచి, ద్రావకములో నానవేసి, రంగునంతయు దానిలోనికి దింపుదురు. వడగట్టిన ద్రవమును మిక్కిలి ఒత్తిడితో ఒక సన్నని గొట్టము గుండ పంపుదురు. ఒక్కసారి బయలుదేఱిన బండ్లు ఎడ్ల నడకనుబట్టి వేర్వేఱు వేళల సంత చేరునట్లు, ఒక్కొక్క రంగు ఒక్కొక్క వేళకు గొట్టము దాటును. శుద్ధమైన సూడాన్ దాటు వేళతో పోల్చి, అది యున్నదో లేదో, ఎంత యున్నదో నిర్ణయింతురు. కిలో పొడిలో ఒక మిల్లీగ్రామున్నను పట్టుపడును. దీనికి హెచ్.పి.ఎల్.సి. పరీక్ష యని పేరు.

గుంటూరులోనే సుగంధద్రవ్యముల బోర్డువారి ప్రయోగశాల గలదు. హైదరాబాదు శ్రీనగర్ కాలనీలో పావుకిలో కారము కొను గృహిణికి సైతము 2006 నాటి ఆహార భద్రతా చట్టము 40వ సెక్షను క్రింద హక్కు గలదు. కొనునపుడే అంగడివానికి తెలిపి, రుసుము చెల్లించి, ఆహార విశ్లేషకునిచే పరీక్ష చేయించుకొనవచ్చును. దోషము తేలినచో రుసుము తిరిగి వచ్చును.

ఇఁక మనము చేయవలసినది. కాయ చెట్టుననే బాగుగా పండిన పిమ్మట కోయుడు. మట్టినేలపై గాక టార్పాలినుపై ఆరబెట్టి, రాత్రి మంచు తగులకుండ కప్పుడు. తేమ నూటికి పది పదునొకండు పాళ్లకు దిగిన పిమ్మటనే బస్తాల కెత్తుడు. తాలు నేఱి తాలుగానే అమ్ముడు. నిలువ చేయువారు శీతల గిడ్డంగి నాశ్రయింపుడు. ఎండయు తేమయు సహజపు రంగును హరించును. రంగు చల్లెదమని వచ్చువానిని కల్లమున అడుగిడనీయకుడు.

సంఘమువారు పొడి పట్టించి అమ్మునెడల, ప్రతి బస్తానుండియు కొంచెము తీసి కలిపిన నమూనాను పరీక్షకు పంపి, ఆ పత్రముతోనే సరకు నమ్మవలెను. ఒక్కనికి భారమైన రుసుము పదిమంది పంచుకొనిన తేలిక యగును. తాలు నమ్మిన నష్టము ఆ యేటితో తీఱును. రంగు కలిపి అమ్మిన నష్టమును ఊరంతయు ఏండ్లకొలది భరింపవలెను.