తిరిగి ఇచ్చే లోహం

2022లో మన మార్కెట్లోకి వచ్చిన ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్‌లో ఉన్నది లిథియం బ్యాటరీ కాదు, నికెల్–మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ. మాచర్ల రోడ్డు మీద బ్రేకు తొక్కినప్పుడల్లా వృథా కావలసిన శక్తిలో కొంత, హైడ్రోజన్ రూపంలో ఒక లోహపు పొడిలోకి చేరుతుంది. యాక్సిలరేటర్ నొక్కగానే బయటికొస్తుంది.

హైడ్రోజన్‌ను ఇంతకంటే ఎక్కువ దాచుకోగల పదార్థాలున్నాయి. అల్యూమినియం హైడ్రైడ్ బరువులో పదో వంతు హైడ్రోజనే. బెరీలియం హైడ్రైడ్‌లో 18 శాతం. ఇవి పాలిమర్ హైడ్రైడ్లు. అల్యూమినియం పరమాణువు చుట్టూ ఆరు హైడ్రోజన్లు ఉంటాయి, ఒక్కొక్కటీ పక్కనున్న మరో అల్యూమినియంకు వంతెన. అలా అల్లుకుంటూ పోతే ఘనపదార్థమంతా ఒకే అల్లిక అవుతుంది. మామూలు బంధంలో రెండు ఎలక్ట్రాన్లు రెండు పరమాణువులను కలుపుతాయి. బెరీలియం హైడ్రైడ్ వంతెనల్లో అవే రెండు ఎలక్ట్రాన్లు మూడు పరమాణువులను పట్టి ఉంచుతాయి. రసాయన శాస్త్రంలో నాకు ఇంతకంటే అందమైన పొదుపు కనపడలేదు.

అయితే బెరీలియం విషం. అల్యూమినియం హైడ్రైడ్‌ను వేడి చేస్తే హైడ్రోజన్ సులువుగానే వస్తుంది, తిరిగి ఎక్కించాలంటే మాత్రం వేల వాతావరణాల పీడనం కావాలి. ఒక్కసారి మండితే చాలనుకునే రాకెట్ ఇంధనంగా పనికొస్తుంది గానీ, రోజూ నింపి రోజూ ఖాళీ చేసే పనికి రాదు. నీటి సంగతే చూడండి: నాగార్జునసాగర్ ప్రధాన విద్యుత్ కేంద్రంలో నీటిని పైకి తోడగల రివర్సిబుల్ టర్బైన్లు ఉన్నాయి. తోడాలంటే కింద నీళ్లు నిలవాలి కనుక సత్రశాల దగ్గర టెయిల్‌పాండ్ కట్టారు. హైడ్రోజన్‌కూ అలాంటి రాకపోకల దారే కావలసి వచ్చింది.

ఆ దారి హాలెండ్‌లోని ఐండ్‌హోవెన్‌లో, ఫిలిప్స్ ప్రయోగశాలలో దొరికింది. వాళ్లు వెతికింది శక్తి నిల్వ కోసం కాదు, బలమైన అయస్కాంతాల కోసం. సమేరియం–కోబాల్ట్ మిశ్రమం హైడ్రోజన్‌ను పీల్చుకుని తన అయస్కాంత గుణాన్ని మార్చుకుంటోందని 1969లో ప్రకటించారు. మరుసటి ఏడాది అదే కుటుంబానికి చెందిన లాంథనమ్–నికెల్ మిశ్రమం సంగతి బయటపడింది. గది ఉష్ణోగ్రత దగ్గర, రెండు వాతావరణాల పీడనంతోనే అది హైడ్రోజన్‌ను తీసుకుంటుంది, వదులుతుంది. బరువులో 1.4 శాతమే అయినా, ఘనపరిమాణంలో చూస్తే ద్రవ హైడ్రోజన్ కంటే దట్టంగా పట్టి ఉంచుతుంది.

దాన్ని బ్యాటరీగా మార్చడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది. హైడ్రోజన్ ఎక్కినప్పుడు మిశ్రమం పావు వంతు ఉబ్బుతుంది, దిగినప్పుడు ముడుచుకుంటుంది. పదేపదే అలా జరిగితే పగిలి పొడి అవుతుంది. ఆ పొడిని బ్యాటరీలోని క్షారద్రవం తినేస్తుంది. 1984లో ఫిలిప్స్‌కే చెందిన విలెమ్స్, నికెల్‌లో కొంత తీసేసి కోబాల్ట్, కాస్త సిలికాన్ కలిపి ఆయుష్షు పెంచాడు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ ఒవ్‌షిన్‌స్కీ వేరే దారి పట్టాడు. కాలేజీ చదువు లేని ఈ యంత్రకారుడు, అనేక లోహాలను కలిపి, కావాలనే క్రమం లేని నిర్మాణంతో మిశ్రమాలు చేయించాడు. 1997 డిసెంబరులో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన టయోటా ప్రియస్‌లోనూ నికెల్–మెటల్ హైడ్రైడ్ బ్యాటరీయే ఉంది.

మన ఎండకు ఇది తట్టుకుంటుందా అన్నది న్యాయమైన ప్రశ్న. వేడి పెరిగితే లోహం హైడ్రోజన్‌ను వదిలించుకోవాలని చూస్తుంది. లాంథనమ్–నికెల్ విషయంలో 25 డిగ్రీల నుంచి 50కి వెళితే ఆ హైడ్రోజన్ పీడనం రెట్టింపు దాటుతుంది. బ్యాటరీ మిశ్రమాల్లో మాంగనీస్, అల్యూమినియం కలిపేది ఆ పీడనాన్ని అణచడానికే. అయినా రెంటచింతల వేసవిలో చార్జి త్వరగా తరిగిపోతుంది. లోపలి ద్రవం నీటితో చేసినది కావడంతో అంటుకుని మండే భయం మాత్రం తక్కువ.

లాంథనమ్ మోనజైట్ ఇసుకలో దొరుకుతుంది. దేశంలో ఆ ఖనిజ నిల్వలు అత్యధికంగా ఉన్న రాష్ట్రం ఆంధ్రప్రదేశే. కానీ మోనజైట్‌లో థోరియం కూడా ఉంటుంది, దాన్ని తవ్వడం తేలిక కాదు. ఇప్పటికే శుద్ధి చేసిన లాంథనమ్, నికెల్, కోబాల్ట్ పాత బ్యాటరీలో ఉన్నాయి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం దాన్ని వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారుదే. మీ హైబ్రిడ్ కారు బ్యాటరీ పని అయిపోయిన రోజున పాత సామాన్ల బండికి వేయకండి, షోరూమ్‌కే అప్పగించి రసీదు తీసుకోండి.